రాచపుండు పరిశోధనలో తెలుగువారి పాలు

జగదల్పూరు నుండి బయలుదేరిన బాట గీదం చేరేసరికి రెండుగా చీలుతుంది. ఒక పాయ దంతేవాడ వైపు తిరిగి దంతేశ్వరీదేవి గుడి దాకా, ఆపైన బైలడిల్లా ఇనుపకొండల దాకా పోతుంది. రెండవ పాయ బీజాపూరు మీదుగా భోపాలపట్నం చేరి తెలుగునేలను సమీపిస్తుంది. ఏటా వేసవిలో ఈ బాటలకు ఇరుప్రక్కల అడవులలో గోండు కుటుంబాలు తునికాకు కోస్తాయి. యాభై ఆకులు ఒక కట్ట, వేయి కట్టలు ఒక బస్తా. ఎండలో ఆరిన ఆకు ఆ విధంగా లెక్కకెక్కి, ఊళ్లు దాటి, పొగాకుపొడిని తనలో చుట్టుకొని బీడీ అవుతుంది. ఆకులో దోషం లేదు. కొండజనానికి అది వేసవి కూలి, వర్షాకాలపు తిండిగింజ. కాని బీడీ ఊరక ఆరిపోయే స్వభావం గలది. ఆరకుండా ఉండటానికి తాగేవాడు మాటిమాటికి దమ్ము లాగవలెను. అందుచేత పొగాకు తక్కువైనా, లోపలికి పోయే విషం తక్కువ కాదు.

ఈ అడవులనుండి తూర్పుగా కనుమలు దాటి సముద్రపు టొడ్డుకు దిగితే, శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలలో తునికాకు అవసరం కూడ కనబడదు. అక్కడ పొగాకునే చుట్టగా చుట్టుతారు. ఆ తీరపు పల్లెలలో ఒక వింత ఆచారం తరతరాలుగా ఉన్నది. చుట్ట కాలుతున్న కొసను పెదవుల వెలుపల కాక, నోటిలోపల ఉంచుకొని పొగ పీల్చటం. దానిని అడ్డపొగ అంటారు. మగవారికంటె ఆడవారిలో, అందులోను పేదయిండ్ల ముసలమ్మలలో ఈ అలవాటు ఎక్కువ. దీనికి జనం చెప్పే కారణాలు పలు విధాలు. సముద్రపు గాలికి నిప్పు ఆరదని కొందరు, చుట్ట చాలసేపు వస్తుందని కొందరు, నలుగురి ముందు పొగ కనబడదని కొందరు చెబుతారు. ఏ కారణమైనా, ఆ నిప్పుకు ఎదురుగా ఉండేది అంగిలి. ఈ అంగిలి మీద పుట్టే రాచపుండు లోకంలో మరెక్కడనైనా అరుదు. ఈ తీరంలో మాత్రం వైద్యులకు నిత్యపరిచితం.

రాచపుండు అనే మాట తెలుగులో పాతది. మానని పుండు, మందుకు లొంగని పుండు అనే భయం ఆ మాటలో ఉన్నది. కాన్సరు అని నేడు అందరు అంటున్నది దానినే. అది ఎందుకు పుడుతుంది, పుట్టినదానిని ఏ మందు కరిగిస్తుంది అనే రెండు ప్రశ్నలు గత నూరేండ్లుగా ప్రయోగశాలలను నడిపించినాయి. ఈ రెండు ప్రశ్నలకును తెలుగువారి చరిత్రలో చోటు ఉన్నది. మొదటిదానికి సాక్ష్యం ఇచ్చినది ఉత్తరాంధ్ర పల్లెల స్త్రీల నోరు. రెండవదానికి సమాధానం వెదికిన వారిలో ఒకడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

కారణాన్ని వెదకటం మొదలైనది ఇంగ్లండులో. 1775లో లండను శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టాలు ఊడ్చే పనివారికి వృషణకోశం మీద కాన్సరు వస్తున్నదని, దానికి చర్మపు ముడతలలో నిలిచిపోయిన మసియే హేతువని వ్రాసినాడు. చిన్నపిల్లలను ఇరుకైన గొట్టాలలోకి ఎక్కించి పని చేయించే కాలం అది. బాల్యంలో అంటిన మసి నడివయసులో పుండై బయటపడేది. ఒక వృత్తికిని, ఒక పదార్థానికిని, ఒక రోగానికిని ముడి వేసి చెప్పిన తొలి వైద్యుడు పాట్. అయితే ఆ ముడి కేవలం కంటితో చూచినది. మసిలో ఉన్నదేమిటో, అది నిజంగా కాన్సరును పుట్టించగలదో లేదో ప్రయోగం చేసి చూపటానికి మరి 140 ఏండ్లు పట్టినది.

ఆ పని చేసినవారు జపానువారు. తోక్యో విశ్వవిద్యాలయంలో కత్సుసబురో యామాగివా, ఆయన సహాయకుడు కోయిచి ఇచికావా అనే ఇద్దరు కుందేళ్ల చెవులకు రాక్షసిబొగ్గు తారు పూయనారంభించినారు. అంతకుముందు ఇతరులు కూడ పూసినారు. కొన్నాళ్లు చూచి, ఏమీ కానరాక, విడిచిపెట్టినారు. యామాగివా విడువలేదు. రెండు మూడు రోజుల కొకసారి, నెలల తరబడి, ఏడాది దాటినా పూస్తూనే ఉన్నారు. 1915లో వారు ప్రకటించిన ఫలితం ఇది: కుందేలు చెవిమీద నిజమైన కాన్సరు పుట్టినది. ఈ కథలో ఒక చేదు కూడ ఉన్నది. కాన్సరును ప్రయోగంలో పుట్టించినందుకు 1926వ సంవత్సరపు నోబెల్ బహుమతి డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఫిబిగర్‌కు దక్కినది. ఎలుకల కడుపులో ఒక పురుగు కాన్సరును కలిగిస్తుందని ఆయన వాదం. తరువాతి పరీక్షలకు ఆ వాదం నిలువలేదు. తారు పూసిన యామాగివా వాదం నిలిచినది. బహుమతి మాత్రం రాలేదు. ఓపిక అనేది విజ్ఞానశాస్త్రంలో ఎంత పెద్ద సాధనమో, దానికి గుర్తింపు ఎంత తక్కువో ఇక్కడ తెలుస్తుంది.

తారు ఒక పదార్థం కాదు, వందల పదార్థాల ముద్ద. అందులో దోషి ఎవరు? లండనులో ఎర్నెస్టు కెన్నవే బృందం ఈ ప్రశ్నను పట్టుకొన్నది. తారుకు కాంతిని వెదజల్లే ఒక ప్రత్యేక లక్షణం ఉన్నదని హీగర్ గమనించినాడు. ఆ వెలుగునే జాడగా పట్టుకొని వెదకగా, 1930లో డైబెంజాంత్రసీన్ అనే శుద్ధ రసాయనం ఒక్కటే కాన్సరును పుట్టించగలదని తేలినది. అనంతరం రెండు టన్నుల తారుపిండిని మరల మరల వడకట్టి, మరిగించి, స్ఫటికాలుగా మార్చి, చివరకు కొద్ది గ్రాముల పసుపుపచ్చని పదార్థం తీసినారు. అదే బెంజోపైరీన్, 1933లో కుక్, హ్యూయెట్, హీగర్ దానిని లోకానికి చూపినారు. పాట్ చూచిన మసిలోను, యామాగివా పూసిన తారులోను, చుట్టపొగలోను ఉన్నది ఆ పదార్థమే.

ఇక విశాఖతీరానికి రావలెను. 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్ పత్రికలో కిని, రావు అనే ఇద్దరు వైద్యులు కాన్సరు సమస్యను గురించి వ్రాసినారు. అడ్డపొగ ప్రస్తావన వైద్యసాహిత్యంలో బలంగా నాటుకొన్నది ఆ కాలంనుండియే. 1945లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన వసంత రామ్‌జీ ఖానోల్కర్, సూర్యాబాయి కలిసి, దేశాచారాలతో ముడిపడిన మూడు కొత్తరకాల కాన్సరులను గురించి ఒక వ్యాసం ప్రకటించినారు. భారతదేశంలో కాన్సరు పరిశోధనకు పునాది వేసినవాడు ఖానోల్కర్. పాశ్చాత్య గ్రంథాలలో ఉన్న రోగాలనే ఇక్కడ వెదకక, ఇక్కడి జనం ఏమి తింటారు, ఏమి నములుతారు, ఏమి కట్టుకుంటారు అని అడగటం ఆయన పద్ధతి. ధోవతి ముడి నడుమును ఒరసిన చోట పుట్టే పుండు కూడ ఆయన దృష్టిని తప్పించుకోలేదు.

1957లో డి. జి. రెడ్డి, వి. కె. రావు అనే పరిశోధకులు, కాలే కొసను నోట ఉంచుకొని చుట్ట తాగటంవలన కోస్తా ఆంధ్రలో వచ్చే అంగిలి కాన్సరును గురించి ప్రత్యేకంగా వ్రాసినారు. అయితే రోగుల లెక్క ఎంత పెద్దదైనా ఒక సందేహం మిగులుతుంది. పుండుకు కారణం పొగాకా, నిప్పా? కుంపటి వేడి తగిలిన పొట్టపై కాశ్మీరంలో పుట్టే కాంగ్రీ కాన్సరు అప్పటికే అందరికి తెలిసినది. అందుచేత వేడినే నిందించేవారు ఉన్నారు. ఈ సందేహాన్ని తీర్చటానికి రెడ్డి బృందం పొగాకు తారును, వేడిని కలిపి ప్రయోగజంతువులపై పరీక్షించినది. ఆ రెండింటితో ప్రయోగశాలలో కాన్సరును పుట్టించిన వృత్తాంతం 1960లో కాన్సర్ అనే అమెరికను పత్రికలో వెలువడినది. అమెరికాలో ఎర్నెస్టు విండర్ సిగరెట్టు తారును చుంచుల వీపులకు పూసి కాన్సరును చూపినది 1953లో. ఏడేండ్లలోనే అదే ప్రశ్నను, తమ ఊరి చుట్టకు తగినట్లు మార్చి, తెలుగు వైద్యులు అడగగలిగినారు. వారి పేర్లు నేడు పాఠ్యపుస్తకాలలో లేవు.

1971లో కోపెన్‌హేగన్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి పరిశోధకులతో కలిసి చేసిన సర్వే ఫలితం బ్రిటిష్ పత్రికలో వచ్చినది. శ్రీకాకుళం జిల్లా పల్లెలలో 10,169 మంది నోళ్లను ఒక్కొక్కటిగా తెరిపించి చూచినారు. వారిలో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ తాగేవారే. అంగిలిమీద పొగ మచ్చలు, తెల్లని పొరలు, ఎర్రని పుండ్లు ఒకదాని వెంట ఒకటి ఏ క్రమంలో వస్తాయో ఆ సర్వే చూపినది. పదివేలమంది పల్లెప్రజలు పరాయి వైద్యుని ముందు నోరు తెరవటమంటే సామాన్యం కాదు. గుమ్మంలో చుట్ట ఆర్పి, కొంగుతో నోరు తుడుచుకొని, దీపపు వెలుగుకు తల వెనుకకు వాల్చిన ఆ ముసలమ్మలే ఈ శాస్త్రానికి మూలధనం పెట్టినవారు.

రసాయనం కణాన్ని ఎట్లు చెరుపుతుందనే విషయం ఆ తరువాతి పాతిక ముప్పై ఏండ్లలో తేటపడినది. మిల్లర్ దంపతులు అమెరికాలో చూపిన సంగతి మిక్కిలి విచిత్రమైనది. పొగలోని బెంజోపైరీన్ వచ్చినది వచ్చినట్లుగా హాని చేయదు. దానిని వెలుపలికి నెట్టటానికి శరీరమే దానిని మార్పు చేస్తుంది. ఆ మార్పులో అది తీవ్రరూపం ధరించి, కణంలోని డి.ఎన్.ఎ.కు అతుక్కొంటుంది. ఇల్లు కాపాడబోయిన కావలివాడే దొంగచేతికి కత్తి ఇచ్చినట్లు ఉన్నది వ్యవహారం. 1973లో బ్రూస్ ఏమ్స్, కాన్సరును పుట్టించే పదార్థాలలో పెక్కు సూక్ష్మజీవుల వంశలక్షణాలను కూడ మార్చివేస్తాయని చూపి, ఎలుకలతో ఏండ్లు పట్టే పరీక్షను రెండు రోజులకు కుదించినాడు. 1996లో ఇంకొక అడుగు పడినది. ఊపిరితిత్తుల కాన్సరులో పి-53 అనే జన్యువు ఏ చోట్ల చెడిపోయి కనబడుతుందో, సరిగా ఆ చోట్లనే బెంజోపైరీన్ విషరూపం అతుక్కొంటుందని తేలినది. దొంగ వ్రేలిముద్ర దొరికినది.

ఇక రెండవ ప్రశ్న. పుట్టిన రాచపుండును కరిగించే మందు ఉన్నదా? 1940 వరకు శస్త్రచికిత్స, రేడియం, ఎక్స్ కిరణాలు తప్ప గతి లేదు. కత్తికి దొరికే పుండైతే కత్తి పని చేస్తుంది. రక్తమే చెడిపోయిన ల్యూకీమియాలో కత్తి దేనిని కోయగలదు? ఆ రోగం పట్టిన పిల్లలు వారాలలో, మహా అయితే నెలలలో పోయేవారు. ఆసుపత్రులలో వారిని ఒక మూల గదిలో ఉంచి, బాధ తెలియకుండా చూడటమే వైద్యం.

ఈ మందు చరిత్ర ఒక పాండురోగంతో మొదలవుతుంది, అదియు భారతదేశంలోనే. బొంబాయి బట్టలమిల్లులలో పనిచేసే గర్భిణులకు వచ్చే తీవ్రమైన పాండురోగాన్ని పరిశీలించటానికి లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు వచ్చినది. మార్మైట్ అనే చవకరకపు ఈస్టుసారం పెట్టితే ఆ స్త్రీలకు రక్తం పడుతున్నదని ఆమె 1931లో ప్రకటించినది. ఈస్టులో ఉన్న ఆ అజ్ఞాతపదార్థానికి చాలకాలం విల్స్ పదార్థమనే పేరు. 1941లో అమెరికాలో టన్నులకొద్ది పాలకూరనుండి దానిని పిండి, ఆకులో దొరికినది కనుక ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టినారు.

ఈ చోటనే సుబ్బారావు కథ వచ్చి కలుస్తుంది. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించినాడు. ఖానోల్కర్ పుట్టినదియు ఆ ఏడే. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. రోగం వలన ముందే ఉద్యోగం మాని, ఇంటిని కష్టాలలో విడిచి పోయినాడు. తల్లి వెంకమ్మ పట్టుదల గలది. పదమూడేండ్ల ప్రాయంలో ఈ పిల్లవాడు కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం సంపాదిద్దామని ఇల్లు విడిచి పారిపోయినాడని, మధ్యలోనే పట్టి తెచ్చినారని చెప్పుకొంటారు. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి, మూడవసారి గట్టెక్కినాడు. మద్రాసు వైద్యకళాశాలలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు కోటు తొడిగినందుకు శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహానికి గురి అయి, ఎం.బి.బి.ఎస్. కాక, ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే బయటికి రావలసి వచ్చినది.

ఆ రోజులలోనే స్ప్రూ అనే గ్రహణిరోగం ఆయన ఇద్దరు సోదరులను కొద్దిరోజుల తేడాలో పొట్టన పెట్టుకొన్నది. ఆయనకు కూడ ఆ రోగం సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికినాడు. కొంతకాలం ఆయన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించినాడు కూడ. తరువాత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి తోడ్పాటుతో 1922 అక్టోబరులో బోస్టను చేరినాడు. భార్య శేషగిరిని ఆపైన ఆయన చూడలేదు. హార్వర్డులో ఉష్ణమండలవ్యాధుల విద్య అభ్యసిస్తూ, ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు ఎత్తి జీవనం గడిపినాడు.

జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే దగ్గర చేరిన తరువాత ఆయన ప్రతిభ బయటపడినది. రక్తంలో భాస్వరాన్ని రంగు చూచి కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో వెలువడి, ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింట నిత్యోపయోగమైనది. ఆ కొలత చేతిలో ఉండటంవలననే 1927లో కండరంలో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని ఆ ఇద్దరు పట్టుకొన్నారు. అదే ఏట జర్మనీలో లోమన్ కూడ ఏ.టి.పి.ని వేరుగా కనుగొన్నాడు. ఇంత చేసినా హార్వర్డు ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఫిస్కేకు అసూయ ఉండెననియు, దానివలన సుబ్బారావు కనుగొన్న కొన్ని పదార్థాలు వెలుగుచూడక, ఇతరులు వాటిని మళ్లీ కనుగొనవలసి వచ్చినదనియు ఆనాటి సహవిద్యార్థి, తరువాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ చెప్పినాడు. సుబ్బారావు మాత్రం తన గురువు మీద ఫిర్యాదు చేసినట్లు కనబడదు. తన పేరును వెనుకకు నెట్టుకోవటం ఆయనకు స్వభావమే అయినది. అది గొప్ప గుణమే కావచ్చును. కాని చరిత్రకారునికి అది ఉపకారం చేయదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో అమెరికన్ సయనమిడ్ వారి లెడర్లే ప్రయోగశాలలకు మారినాడు. త్వరలోనే అక్కడి పరిశోధనకు సర్వాధికారి అయినాడు. పాండురోగానికి మందు కావలెనని కాలేయసారాన్ని ఏండ్లతరబడి విడదీస్తున్న ఆయనకు, విల్స్ పదార్థం ఆ దారిలోనే ఎదురైనది. అక్కడి సహచరుడు స్టోక్‌స్టాడ్ 1943లో దానిని శుద్ధరూపంలో వేరుచేసినాడు. ఆపైన పెద్ద రసాయనశాస్త్రజ్ఞుల బృందం పూనుకొని, 1945 నాటికి ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. వారి ప్రకటన కింద పదహారుమంది పేర్లు ఉన్నాయి. వాటిలో సుబ్బారావు పేరు ఒకటి మాత్రమే. స్ప్రూ రోగులకు ఆ మందు ఇచ్చి చూడగా, మంచం పట్టినవారు లేచి కూర్చున్నారు. మద్రాసులో ఆయన సోదరులను కబళించిన రోగం అదే. వారు పోయి పాతికేండ్లు దాటిన తరువాత మందు వచ్చినది.

బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే వ్యాధిశాస్త్రజ్ఞుడు ఉండెను. శవపరీక్షలు, సూక్ష్మదర్శిని, నేలమాళిగలోని చిన్న గది, ఇదే ఆయన ప్రపంచం. ఫోలిక్ ఆమ్లపు రూపభేదాలు కొన్ని ఎలుకల కణుతులను తగ్గించినవని వార్తలు రాగా, ఫార్బర్ లెడర్లేనుండి వాటిని తెప్పించి కాన్సరు రోగులకు ఇచ్చినాడు. ల్యూకీమియా పిల్లల విషయంలో ఫలితం విపరీతమైనది. రోగం తగ్గలేదు, ఎముకల మజ్జలో మరింత వేగం పుంజుకొన్నదని ఆయన గ్రహించినాడు. మరొకడైతే ఆ మందును పారవేసి ఊరకుండును. ఫార్బర్ ఆలోచన వేరు. విటమిను చెడుకణాలకు మేత అయితే, ఆ మేతను ఆపితే ఏమవుతుంది?

మేతను ఆపే ఉపాయం అప్పటికే తెలిసియున్నది. 1940లో వుడ్స్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు సల్ఫా మందుల రహస్యం చెప్పినాడు. సూక్ష్మజీవికి కావలసిన ఒక ఆహారపదార్థాన్ని ఆ మందు రూపంలో పోలియుంటుంది. సూక్ష్మజీవి మోసపోయి దానిని స్వీకరిస్తుంది. దానితో ఆకలిచే నశిస్తుంది. లెడర్లే రసాయనశాలలో ఫోలిక్ ఆమ్లాన్ని కట్టిన చేతులే ఇప్పుడు దాని మారువేషాలను కట్టసాగినాయి. ఒక మూల ఉన్న హైడ్రాక్సిల్ గుంపును తీసి, అమినో గుంపును పెట్టితే చాలును. అచ్చం ఫోలిక్ ఆమ్లంవలెనే కనబడుతుంది, పని మాత్రం చేయదు. దానిని 1947లో డోరిస్ సీగర్ మొదలైనవారు ప్రకటించినారు. అదే అమినోప్టెరిన్. దీనికి సుబ్బారావే కర్త అని తెలుగునాట తరచు అంటారు. న్యాయంగా చెప్పవలెనంటే, అణువును కూర్చిన చేతులు సీగర్ ప్రభృతులవి. ఆ ప్రయోగశాలను, ఆ ఆలోచనాక్రమాన్ని నడిపి, మందును ఫార్బర్ చేతికి అందించినవాడు సుబ్బారావు. ఆయన కూడ ఇంతకంటె ఎక్కువ కోరియుండడు.

1947 డిసెంబరు చివరివారంలో ఒక చిన్నపిల్లవానికి అమినోప్టెరిన్ సూది వేసినారు. రక్తంలో లెక్కకు మిక్కిలిగా పెరిగిన తెల్లకణాలు తగ్గనారంభించినాయి. నడవలేని పిల్లవాడు నడిచినాడు. 1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ఫార్బర్ బృందపు వ్యాసం వచ్చినది. పదహారుమంది పిల్లలకు మందు ఇస్తే పదిమందికి గుణం కనబడినదని అందులో ఉన్నది. వ్యాసం శీర్షికలోనే తాత్కాలికమనే మాటను రచయితలు పెట్టినారు. ఆ గుణం నిలువలేదు. నెలలు గడిచేసరికి రోగం తిరిగి వచ్చినది, పిల్లలు పోయినారు. నోటిలో పుండ్లు, రక్తస్రావం వంటి మందు బాధలును ఉన్నాయి. చనిపోవలసిన పిల్లలను ఎందుకు హింసించటమని ఆసుపత్రిలోనే ఆక్షేపించినవారు ఉన్నారు. ఆ ఆక్షేపణను తేలికగా తీసివేయరాదు. ఆ పదిమంది తల్లిదండ్రులకు దక్కినది కొన్ని నెలలు మాత్రమే. అయినా, శరీరమంతట వ్యాపించిన కాన్సరును ఒక రసాయనం వెనుకకు నెట్టగలదని అప్పుడు కన్నులారా కనబడినది.

ఆ వ్యాసం వెలువడిన రెండునెలలకే, 1948 ఆగస్టు 8న, సుబ్బారావు గుండె ఆగి న్యూయార్కులో మరణించినాడు. వయస్సు 53. 1946లో భారతీయులకు పౌరసత్వం ఇవ్వటానికి అమెరికా చట్టం చేసినా, ఆయన పౌరుడు కాకుండానే పోయినాడు. బోదకాలుకు ఇచ్చే డైఇథైల్‌కార్బమజీన్ 1947లో లెడర్లేనుండి వచ్చినదే. గోదావరి జిల్లాలలో ఇంటింటికి పంచిన ఆ బిళ్ల మీద ఆయన పేరు ఎవరు చదివినారు? ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని 1953లో పేరు పెట్టినారు. భారతప్రభుత్వం తపాలా బిళ్ల వేసినది 1995లో, శతజయంతి నాటికి.

అమినోప్టెరిన్‌కు తోబుట్టువు మెథోట్రెక్సేట్. అదియు లెడర్లే సంతానమే. విషం కొంచెం తక్కువ కావటంతో క్రమంగా అక్క స్థానాన్ని అది ఆక్రమించినది. 1956లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్, గర్భాశయంలో పుట్టే కోరియోకార్సినోమా అనే కాన్సరుకు దానిని ఇచ్చినారు. కణితి కనబడకుండా పోయిన తరువాత కూడ మూత్రంలో ఒక హార్మోను జాడ మిగిలి ఉన్నంతవరకు లీ మందు ఆపలేదు. అనవసరంగా రోగులకు విషం పెడుతున్నాడని ఆయనను ఉద్యోగంనుండి తొలగించినారు. తరువాత చూస్తే, ఆయన చెప్పినంతకాలం మందు తీసుకొన్నవారే బ్రతికి ఉన్నారు. గట్టి కణితి మందుతో పూర్తిగా నయమైన మొదటి సందర్భం అది. ల్యూకీమియాలో, హిచింగ్స్, ఎలియన్ కూర్చిన మెర్కాప్టోప్యూరిన్ మొదలైన మందులతో మెథోట్రెక్సేట్‌ను జతపరచగా, సంపన్నదేశాలలో నేడు పదిమంది పిల్లలలో సుమారు తొమ్మిదిమంది దక్కుతున్నారు.

ఈ కాలంలోనే మరొక దారినుండి కూడ మందులు వచ్చినాయి. యుద్ధంలో విషవాయువుగా వాడిన మస్టర్డుకు బంధువైన నైట్రోజన్ మస్టర్డును 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్‌మన్ లసికాగ్రంథుల కాన్సరు రోగికి ఎక్కించినారు. యుద్ధరహస్యం కనుక ఆ సంగతి 1946 దాకా బయటికి రాలేదు. ఈ మందుల స్వభావం గమనింపదగినది. అవి డి.ఎన్.ఎ.కు నేరుగా అతుక్కొని కణాన్ని చంపుతాయి. అంటే, బెంజోపైరీన్ ఏ పని చేస్తుందో ఇంచుమించు అదే పని. అందువలన ఈ మందులు పుచ్చుకొని బ్రతికినవారిలో కొందరికి ఏండ్ల తరువాత ల్యూకీమియా వచ్చినది. కాన్సరును పుట్టించే రసాయనాల పరిశోధన, కాన్సరును మాన్పే రసాయనాల పరిశోధన రెండు వేరువేరు శాస్త్రాలని మొదట అనుకొన్నారు. వాటి మధ్య గోడ పలుచనిది. సుబ్బారావు ప్రయోగశాల మందులు మాత్రం ఆ కోవకు చెందవు. అవి డి.ఎన్.ఎ.ను గాయపరచవు, దానిని కట్టే ఇటుకలు అందకుండా చేస్తాయి. ఆ అడ్డు ఏ ఎంజైము దగ్గర పడుతుందో 1950 దశకం చివరికి గాని తేలలేదు.

అడ్డపొగ సంగతి ఏమైనది? కారణం తెలిసినంతమాత్రాన అలవాటు పోదు. గుప్త, మెహతా, పిండ్‌బోర్గ్ మొదలైనవారు ఎర్నాకుళం, భావనగర్, శ్రీకాకుళం జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడేవారిని ఎన్నుకొని, ఏండ్ల తరబడి వారి ఇండ్లకు వెళ్లి, నోరు చూచి, పొగాకు మానండని నచ్చచెప్పినారు. ఆ ఫలితాన్ని 1986లో లాన్సెట్ పత్రిక ప్రచురించినది. బోధన వలన మానినవారు పెరిగినారు; మానినవారిలో కాన్సరుకు ముందు కనబడే తెల్లపొరలు తగ్గినాయి. ఇది ప్రయోగశాలలో చేసిన పని కాదు. చీరకొంగులో దాచుకొన్న చుట్టను ముసలమ్మచేత పారవేయించే పని. తారును శుద్ధిచేయటంకంటె అది సులభమని ఎవరును అనుకోరాదు.

ఈ రెండు కథలు చివరకు బొంబాయిలో, ఖానోల్కర్ పనిచేసిన ఆసుపత్రిలోనే కలిసినాయి. పొగాకువలన నోటిలో, గొంతులో కాన్సరు ముదిరి, కత్తికి దొరకని దశలో వచ్చే రోగులు ఈ దేశంలో లెక్కకు మిక్కిలి. వారికి సిరలోకి ఎక్కించే సిస్‌ప్లాటిన్ అనే మందుకు ఆసుపత్రి పడక, సెలైను, నర్సు, ప్రయాణపు ఖర్చు కావలెను. టాటా మెమోరియల్ వైద్యులు 422 మంది రోగులతో ఒక పరీక్ష నడిపినారు. సగంమందికి సిస్‌ప్లాటిన్, మిగతా సగంమందికి ఇంటివద్ద మ్రింగే చవక బిళ్లలు రెండు, సెలికాక్సిబ్, మెథోట్రెక్సేట్. ఆ ఫలితం 2020లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చినది. సిస్‌ప్లాటిన్ పుచ్చుకొన్నవారిలో సగంమంది 6.1 నెలలు దాటి బ్రతుకగా, బిళ్లలు మ్రింగినవారిలో సగంమంది 7.5 నెలలు దాటినారు. బిళ్లల ఖర్చు స్వల్పం. తీవ్రమైన బాధలును వాటితో తక్కువ.